మన సీమ పాత సినిమా హాళ్ళు: తెలిసింది చెప్పండి, కాగితాలుంటే పారేయొద్దండి

హంద్రీ_ఒడ్డు | కర్నూలు

అందరికీ నమస్కారం. మా పేటలో పాత హాలు ఒకటి కూలగొడుతున్నారు. ఓనర్ల కుటుంబం ఊళ్ళోనే ఉంది కాబట్టి పేరు రాయను. నేను చూసేసరికి బాల్కనీ మెట్లు, ప్రొజెక్టర్ రూము గోడ మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ గోడకు చదరపు కన్నాలు జతలు జతలుగా ఉన్నాయి: ఒక్కో మిషనుకు బొమ్మ పడేదానికి ఒకటి, ఆపరేటర్ తెర చూసుకునేదానికి ఒకటి. పాత ఇనుము కొనేవాళ్ళు కుర్చీల కాళ్ళు తూకానికి వేసుకుంటున్నారు. బుకింగ్ రూములో టికెట్ పుస్తకాలు, రోజువారీ కలెక్షన్ పుస్తకాలు తడిసి ముద్దగా పడి ఉన్నాయి. అడిగితే తీసుకుపొమ్మన్నారు, తెచ్చుకున్నాను.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ ఊళ్ళో ఏ హాలుండేది, ఎవరు పనిచేసినారు, ఎందుకు మూసినారు, ఆ స్థలంలో ఇప్పుడేముంది అనేది ఇక్కడ ఒకచోట రాసి పెట్టుకుందాం. "ఆ రోజులే వేరు" అని ఒక్క ముక్క రాసి పోకుండా, మీకు కచ్చితంగా తెలిసిన వివరం ఒక్కటైనా ఇవ్వండి. కడపలో అప్సర సర్కిల్ మాదిరిగా హాలు పేరు కూడలికి నిలిచిపోవడం ఒక ఎత్తు. లోపల పని ఎట్లా నడిచేదో చెప్పగలిగినోళ్ళు ఇప్పుడు అరవై, డెబ్బై దాటినారు. వాళ్ళు చెప్పేది ఇక్కడ రాసి పెట్టాలి.

రీలు_బాక్సు | అనంతపురం

హంద్రీ సార్, ఆ కన్నాల వెనక బతికినోణ్ణి నేను. అనంతపురంలో, తర్వాత ధర్మవరంలో ఆపరేటర్‌గా చేసినా. మాకు లైసెన్సు ఉండె. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసోళ్ళు పరీక్ష పెట్టి ఇస్తాండ్రి. అది లేనోడు మిషను మీద చెయ్యి వేయకూడదు.

మిషన్లు ఫోటోఫోన్‌వి. అప్పట్లో లోపల బల్బు ఉండదు. రెండు కార్బన్ కడ్డీలు, ఒకటి లావు, ఒకటి సన్నం, ఎదురెదురుగా బిగించి, ఒకసారి తాకించి వెనక్కి లాగితే మధ్యలో మంట పుడతాది. వెల్డింగు మంట ఎట్లుంటాదో అట్లుంటాది, ఊరికే కంటితో చూడకూడదు. ఆ వెలుగు వెనక ఉండే గుంట అద్దానికి తగిలి ఫిల్ము మీదికి వస్తాది. కడ్డీలు కాలేకొద్దీ ఎడం పెరుగుతాది, తెర మీద బొమ్మ మసకబారతాది. అందుకే ఒక చెయ్యి ఎప్పుడూ మర మీదనే ఉండల్ల. పొగకు పైన గొట్టం పెట్టింటారు. అయినా ఎండాకాలం మ్యాట్నీకి ఆ రూములో చొక్కా వేసుకున్నోడు లేడు.

ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తాది. రెండువేల అడుగుల చుట్ట ఇరవై రెండు నిమిషాలకు అయిపోతాది. అయిపోయే ముందర తెర పైన కుడి మూలలో చిన్న గుండ్రం మచ్చ పడతాది. మొదటి మచ్చకు రెండో మిషను మోటరు వేయల్ల. ఏడెనిమిది సెకన్లకు ఇంకో మచ్చ పడతాది, అప్పుడు ఇది మూసి అది తెరవల్ల. సరిగ్గా కుదిరితే కింద కూర్చున్నోనికి ఏమీ తెలీదు. ఆటకు ఆరేడు సార్లు, రోజుకు నాలుగు ఆటలు. మంచి ఆపరేటర్ అంటే వాడు ఉన్నట్టే ఎవురికీ తెలీకూడదు. మాకు మెప్పు అంటే అదే.

బురుజు_కుర్రోడు | కర్నూలు, ఉద్యోగం బెంగళూరు

అన్నా, ఆ మచ్చ చిన్నప్పుడు ఎన్నోసార్లు చూసినా, ప్రింటు పాడైంది అనుకునేవాణ్ణి. మరి టూరింగ్ టాకీసులో ఒక్క మిషనే ఉండేదంటారు కదా, అక్కడ రీలు ఎట్లా మార్చేవాళ్ళు?

పెన్నమ్మ | ప్రొద్దుటూరు

దానికి నేను చెప్తా నాయనా. ఆపేవాళ్ళు, అంతే. రీలు అయిపోతే లైట్లు వేస్తారు, కొత్త చుట్ట ఎక్కించేదాకా ఆగల్ల. ఒక సినిమాకు ఇంటర్వెల్ ఒకటి కాదు, రీలు రీలుకూ ఇంటర్వెలే. ఆ సందులోనే బొరుగులోడు, సోడాలోడు తిరిగేది. మా ఊరు ప్రొద్దుటూరుకు దూరం. పంట ఇండ్లకు చేరినాక బయట బీట్లో డేరా వేస్తాండ్రి. సాయంత్రం మైకులో ఘంటసాల పాట మొదలైతే ఊరంతా తొందర తొందరగా అన్నాలు తినేవాళ్ళు. పాటలు అయిపోతే ఆట మొదలైనట్టు లెక్క, గడియారంతో పనిలేదు.

నేల అంటే నిజంగా నేలే, ఇసక. మధ్యలో నడుమెత్తు తడిక కట్టి ఇటుపక్క ఆడోళ్ళు, అటుపక్క మగోళ్ళు. ఇసక కుప్పజేసి ఎత్తుగా కూర్చుంటే వెనకనోళ్ళు గలాటా పెట్టేది. ఇంట్లోంచి చాప, చెంబుతో నీళ్ళు, నిద్రపోయే పిల్లకు బొంత తెచ్చుకుంటాంటిమి. మా అమ్మ సంవత్సరమంతా గడప దాటి ఎక్కడికన్నా పోయిందీ అంటే పెండ్లికో, చావుకో, టూరింగ్ టాకీసుకో. ఎవురినీ అడక్కుండా నాలుగు గంటలు కూర్చునే చోటు ఆమెకు అదొక్కటే. హాళ్ళ గురించి మగోళ్ళు హీరోలు, కటౌట్లు అని రాస్తాంటారు. ఈ సంగతి కూడా రాసుకోండి.

బురుజు_కుర్రోడు

అమ్మా, మీరు చెప్పింది కాదనను. కానీ నాకు తెలిసిన పట్నం హాళ్ళు వేరే. నేను టెన్త్ చదివేటప్పటికి ఫ్యాన్లు సగం తిరగవు, కుర్చీల్లో నల్లులు, బాత్రూము వాసన హాల్లోకి కొట్టేది. కొత్త సినిమా అంటే బ్లాకు టికెట్టు తప్ప కౌంటర్లో దొరికేది కాదు. నా చెల్లెలు ఒకసారి వచ్చి మళ్ళీ రానంది. మల్టీప్లెక్సులు రావడం వల్లే ఇవి పోయినాయి అంటే నేను ఒప్పుకోను. వాటికంటే ముందే మనుషులు రావడం మానుకున్నారు.

పెన్నమ్మ

బాత్రూముల మాట నిజం. ఇంటర్వెల్లో ఆడపిల్లలు లేచేవాళ్ళే కాదు. సినిమాకు పోవల్లంటే మధ్యాన్నం నుంచి నీళ్ళు తాగేది తగ్గిస్తాంటిమి. ఆ ఒక్కటీ బాగుచేసింటే ఇంటిల్లిపాదీ ఇంకో పదేళ్ళు వచ్చేవాళ్ళని నా నమ్మకం.

సీడెడ్_రెప్ | గుంతకల్లు

డిస్ట్రిబ్యూటర్ తరఫున రెప్రజెంటేటివ్‌గా సీడెడ్ (సినిమావాళ్ళు మన రాయలసీమను అట్లా అంటారు) నాలుగు జిల్లాలూ తిరిగినవాణ్ణి. బాక్సుతోపాటు బస్సెక్కి పోవడం, బుకింగ్ దగ్గర కూర్చుని తెగిన టికెట్లు లెక్కచూసుకోవడం, డీసీఆర్ (ఆ రోజు కలెక్షన్ రిపోర్టు) మీద సంతకం పెట్టించుకుని ఆఫీసుకు పంపడం మా పని. హాళ్ళు ఎందుకు మూతబడ్డాయో ఆ లెక్కల్లోనే ఉంది.

పాత పద్ధతిలో ఒక సినిమాకు తీసే ప్రింట్లు తక్కువ. ముందు కర్నూలు, అనంతపురం, కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని వంటి పెద్ద ఊళ్ళలో పడేది. అక్కడ ఆడి ఆడి దిగినాక బి సెంటర్లకు, అంటే చిన్న పట్నాలకు, ఆ తర్వాత సి సెంటర్లకు, అంటే ఇంకా చిన్న ఊళ్ళకు షిఫ్టింగ్. పత్తికొండకో, మడకశిరకో బొమ్మ చేరేసరికి నెలలు గడిచేవి. ప్రింటు నిండా గీతలు, అతుకులు. అయినా ఆ ఊరికి అది కొత్త సినిమానే. ఒక్కో హాలుకు వారాల తరబడి జనం ఉండేవాళ్ళు. 800 సీట్లు కట్టింది అందుకే. ఒకే ఊళ్ళో రెండు హాళ్ళకు ఒకే ప్రింటు ఇచ్చి, ఆట అరగంట తేడాతో మొదలుపెట్టి, ఇక్కడ అయిన రీళ్ళు సైకిల్ మీద అక్కడికి మోసిన రోజులున్నాయి. దారిలో సైకిలు పంక్చరైతే అక్కడ తెర తెల్లగా ఉండిపోయేది.

ఇప్పుడు? శుక్రవారం అన్ని ఊళ్ళలో ఒకేసారి. వసూలంతా మొదటి మూడు రోజుల్లోనే రావాలి. సోమవారం మ్యాట్నీకి ఎనిమిది వందల సీట్ల హాల్లో ముప్పై మంది కూర్చుంటారు. ఆ ముప్పై మందికీ అదే కరెంటు, అదే సిబ్బంది. హైటెన్షన్ కనెక్షన్‌కు ఆట ఆడినా ఆడకపోయినా కట్టాల్సిన ఛార్జీ ఉంటుంది. దీనికి తోడు 1995లో జెమిని, ఈటీవీ ఇంట్లోకి వచ్చినాయి, తర్వాత పైరసీ సీడీలు వచ్చినాయి, ఇప్పుడు ఓటీటీ. ఇవన్నీ దెబ్బలే. కానీ నన్నడిగితే ఒక్కో ఊరికి వంతుల వారీగా సినిమా చేరే పద్ధతి పోవడమే సి సెంటర్ హాలును చంపింది. ఊరి నడుమ ఎకరా స్థలం, దాని మీద వారానికి మూడు రోజుల వ్యాపారం. ఓనరు కొడుకు కళ్యాణమండపం కట్టక ఏం చేస్తాడు?

రికార్డు_రూము | కడప

రెవెన్యూలో పనిచేసి రిటైరైనాను. హాళ్ళ చరిత్ర వెతికేవాళ్ళకు ఒక దారి చెప్తాను.

మన రాష్ట్రంలో సినిమా హాలు నడవాలంటే 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో వచ్చిన రూల్సు ప్రకారం బి ఫారం లైసెన్సు ఉండాలి. అది రెన్యువల్ చేయాలంటే కట్టడం గట్టిగా ఉందని ఆర్ అండ్ బి ఇంజనీరు, వైరింగు బాగుందని ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు, నిప్పు జాగ్రత్తలున్నాయని ఫైర్ ఆఫీసరు సర్టిఫికెట్లు ఇవ్వాలి. ప్రతి హాలుకు ఒక ఫైలు, ఫైల్లో హాలు ప్లాను, తరగతుల వారీగా సీట్ల సంఖ్య, టికెట్ రేట్లు ఉంటాయి. కూలిపోయిన హాలు లోపల ఎట్లుండేదో ఆ ప్లాను చూస్తే గోడ గోడా తెలుస్తుంది: లేడీస్ క్యూ ఎటువైపు, అత్యవసర ద్వారాలు ఎన్ని, ఇసక బకెట్లు ఎక్కడ వేలాడదీశారు.

అట్లాగే ప్రభుత్వం 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ న్యూస్ రీళ్ళు, డాక్యుమెంటరీలు ప్రతి ఆటకు ముందు వేయడం హాళ్ళకు తప్పనిసరిగా ఉండేది, దానికి హాలు అద్దె కట్టేది. ఆ రసీదులు కూడా పాత కాగితాల్లో దొరుకుతాయి. ఎవరికైనా దొరికితే విసిరేయకండి. ఒక హాలు ఫలానా సంవత్సరంలో నడుస్తున్నదనేదానికి అది గట్టి రుజువు.

కలెక్టరేట్‌లో అడగాలంటే సమాచార హక్కు దరఖాస్తులో హాలు పేరు, ఊరు, తాలూకా రాయండి. ఇప్పటి మండలం పేరు ఒక్కటే రాస్తే పాత ఫైలు దొరకదు. మండలాలు 1985లో వచ్చినాయి, అంతకు ముందువన్నీ తాలూకా పేర్ల మీదే కట్టగట్టి ఉంటాయి. 2022లో జిల్లాలు మళ్ళీ విడిపోయినాయి కాబట్టి హిందూపురం, ధర్మవరం ఫైళ్ళకు అనంతపురంలోనూ, పుట్టపర్తిలోనూ రెండుచోట్లా అడగండి. నంద్యాల, డోన్ వాళ్ళు కర్నూలులోనూ అడగండి.

హంద్రీ_ఒడ్డు

రికార్డు సార్, ఇది బంగారం లాంటి సమాచారం. కర్నూలు వాళ్ళకు ఇంకో కష్టం ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. పాత ఊళ్ళో కింది అంతస్తులో ఉన్నదేదీ మిగల్లేదు. హాలంటేనే తెర వైపుకు దిగే పల్లపు నేల. నీళ్ళు తగ్గినాక ముందు వరసలు బురదలో ఉన్నాయి, తెర వెనక స్పీకర్లు పనికిరాకుండా పోయినాయి. అంతకుముందే నష్టాల్లో ఉన్నవాళ్ళకు మళ్ళీ పెట్టుబడి పెట్టే ధైర్యం లేకపోయింది. ఆ బురదలో టికెట్ పుస్తకాలు, ఫొటోలు, ప్రారంభోత్సవం ఆల్బములు ఎన్ని పోయినాయో.

దర్గా_వీధి | కడప

సలాం అందరికీ. కడప హాళ్ళ గురించి రాసేటప్పుడు పండగ ఆటలు మర్చిపోవద్దు. రంజాన్, బక్రీద్ వచ్చిందంటే మా ఊళ్ళో హిందీ సినిమా పడాల్సిందే. నమాజు అయినాక సేమ్యా తిని, కొత్త బట్టల్లోనే హాలుకు. అత్తరు వాసన హాలంతా. మా అబ్బాకు తెలుగు సినిమా కూడా అంతే ఇష్టం, పౌరాణికాలు పొల్లుపోకుండా చూసినాడు, పద్యాలు నోటికి వచ్చేవి. గేటు దగ్గర నిలబడే మనిషి, టీ అమ్మే మనిషి, పోస్టర్లకు పిండి ఉడకబెట్టే మనిషి, అన్ని వీధులవాళ్ళూ ఉండేవాళ్ళు. పోస్టర్ అంటించే బండికి మైకు కట్టి తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి చెప్పుకుంటూ పోయేవాళ్ళు.

మేము పిల్లలం ప్రొజెక్టర్ రూము కింద వెతుక్కునేది తెగిపోయిన ఫిల్ము ముక్కల కోసం. మాడిపోయిన బల్బు పైన పగలగొట్టి లోపల తీగలు తీసి నీళ్ళు పోస్తే అదే లెన్సు. గుమ్మంలో ఒకడు అద్దంతో ఎండ పట్టాలి, చీకటి గదిలో ఇంకొకడు ఫిల్ము ముక్క తలకిందులుగా పట్టాలి, గోడమీద బొమ్మ నిలబడుతుంది. మా ఇంట్లో దుప్పట్లన్నీ కిటికీలకే పోయేవి.

తాడిపత్రి_తమ్ముడు | తాడిపత్రి

మనోళ్ళు సినిమాలు చూడడం ఒక్కటే కాదు, తీయడంలో కూడా ముందున్నారని ఇక్కడ ఎవరూ రాయలేదు. దర్శకుడు కె.వి. రెడ్డి గారిది మా తాడిపత్రి. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది పులివెందుల దిక్కు పల్లె. వాహినీ సినిమా సంస్థకు పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామి గారు కూడా తాడిపత్రివారే. ఆ సంస్థ మొదటి సినిమా 'వందేమాతరం' 1939లో వచ్చింది. అంత చరిత్ర ఉన్న సీమలో ఒక్క పాత ప్రొజెక్టరునైనా జనం చూసేటట్టు పెట్టిన చోటు నా కంటికి కనపడలేదు. పాత ఇనుము కింద కిలోల లెక్కన పోతున్నాయి. నాకైతే చాలా బాధగా ఉంది. కాలేజీలుండే ఊళ్ళు మనవి, ఒక గది ఇచ్చేవాళ్ళు దొరకరా?

రీలు_బాక్సు

ప్రొజెక్టర్ల మాట వచ్చింది కాబట్టి చెప్తా తమ్ముడూ. కార్బన్లు పోయి జెనాన్ బల్బులు వచ్చినాయి, పని కొంచెం సులువైంది. 70 ఎంఎం వచ్చినాక కొన్ని హాళ్ళు తెర పెద్దది చేసినాయి, తర్వాత డీటీఎస్ అని సౌండు మార్చినాయి. ఇంత మారినా ఫిల్ము ఫిల్మే, మా పని మాకుండె. తర్వాత క్యూబు, యూఎఫ్‌ఓ పెట్టెలు వచ్చినాయి. సినిమా హార్డు డిస్కులోనో, శాటిలైట్ మీదనో వస్తాది, తాళం నంబరు వస్తే బటను నొక్కేదే. 2013 నాటికి మా దిక్కు ఫిల్ము బాక్సు దిగేది దాదాపు నిలిచిపోయె. నాతోపాటు చేసినోళ్ళలో ఒకాయన వైండింగ్ షాపు పెట్టుకున్యాడు, ఇంకొకాయన అపార్టుమెంటు వాచ్‌మన్. ముప్పై ఏండ్లు మిషను చప్పుడు విని విని చెవులు మందగించినాయి ఇద్దరికీ. పింఛను గింఛను ఏమీ లేదు. మిషన్లు దాచిపెట్టల్ల అంటాండారు, మంచిదే. దాన్ని నడిపి చూపించేటోళ్ళు ఇంకా బతికుండారు, వాళ్ళను కూడా పిలవండి.

బురుజు_కుర్రోడు

డిజిటల్ ఖర్చు ఎవరు భరించాలనే గొడవ మీదే కదా 2018 మార్చిలో హాళ్ళు మూసి బంద్ చేసింది?

సీడెడ్_రెప్

అవును, ఆ పెట్టెల కంపెనీలు నిర్మాతల దగ్గర తీసుకునే ఛార్జీ మీద. ఆ తర్వాత కరోనా. అది తేరుకునేలోపు 2021 ఏప్రిల్లో జీవో 35. పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు టికెట్ 5, 10, 15 రూపాయలు. పేదోడికి సినిమా అందాలనే మాట మంచిదే, నేనూ నేల టికెట్టు మీద పెరిగినోణ్ణే. కానీ ఆ రేటుతో హౌస్‌ఫుల్ అయినా డీజిలు ఖర్చు రాదు. ఆ డిసెంబరులో తనిఖీలు వచ్చి లైసెన్సు, ఫైర్ కాగితాలు లేవని చాలాచోట్ల సీలు వేసినారు. 2022 మార్చిలో రేట్లు సవరించి కనీసం 20 రూపాయలు చేసినారు. అప్పటికే షట్టరు దించినోళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

ఇంకో చిక్కు అద్దె పద్ధతి. మల్టీప్లెక్సుకు వసూళ్ళలో పర్సంటేజీ, మన హాళ్ళకు వారానికి ఇంత అని అద్దె. బొమ్మ బాగా ఆడితే లాభం ఆ సినిమా కొన్న బయ్యర్‌ది, హాలుకు అదే అద్దె. తర్వాత వారాల్లో జనం తగ్గినప్పుడు మాత్రం పర్సంటేజీ అంటారు. 2025 మే నెలలో ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి మూసేస్తామన్నది దీనిమీదే. అన్ని వారాలకూ పర్సంటేజీ ఇచ్చి, పెద్ద హాలును రెండు చిన్న హాళ్ళుగా చేసుకునేదానికి పర్మిషన్లు తొందరగా ఇస్తే ఇప్పటికీ కొన్ని నిలబడతాయి. మూడొందల సీట్లు, మంచి సౌండు, శుభ్రమైన బాత్రూము. అట్లా మార్చుకున్న ఓనర్లు నాకు తెలుసు, నడుపుకుంటున్నారు.

పెన్నమ్మ

బాత్రూము మాట రాసినావు, సంతోషం అబ్బాయ్.

హంద్రీ_ఒడ్డు

నేను తెచ్చిన పుస్తకాల సంగతి. పైన అట్ట ఊడిపోయింది, లోపల పేజీలు అంటుకుని ఉన్నాయి. కనపడే పేజీలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని నాలుగు తరగతులు, ఒక్కోదానికి మొదటి టికెట్ నంబరు, ఆఖరి నంబరు, అమ్ముడైనవి, వినోదపు పన్ను విడిగా, కింద మేనేజరు సంతకం. నీలం సిరా చాలావరకు నిలిచింది. వీటిని ఎట్లా విడదీయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రికార్డు_రూము

లాగి విడదీయకండి సార్, ఎండలో అసలు పెట్టకండి. నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. విడివడిన పేజీల మధ్య తెల్ల బ్లాటింగ్ కాగితం పెట్టి, తడిసినప్పుడల్లా మారుస్తూ ఉండండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా అంటుకుంటుంది. బూజు ఉంటే అది బాగా ఆరినాక ముక్కుకు గుడ్డ కట్టుకొని మెత్తటి బ్రష్‌తో దులపండి. ఆరినాక ఒక్కో పేజీ ఫొటో తీయండి, సంతకం, తేదీ, టికెట్ నంబర్లు స్పష్టంగా పడాలి. లామినేషన్ మాత్రం చేయించకండి.

ఆ హాలు బి ఫారం నంబరు పుస్తకం మొదటి పేజీలో గానీ, రబ్బరు స్టాంపులో గానీ ఉంటుంది. దొరికితే నాకు మెసేజ్ పెట్టండి, దరఖాస్తు నేను రాసిస్తాను.

రీలు_బాక్సు

సార్, ఆ కూలగొట్టేటోళ్ళను ఇంకో మాట అడగండి. ప్రొజెక్టర్ రూములో గోడకు చెక్క అల్మారా ఉంటాది, దాంట్లో ఆపరేటర్ లాగ్ పుస్తకం పెడతాంటిమి. ఏ రోజు ఏ రీలు తెగింది, కరెంటు ఎప్పుడు పోయింది అన్నీ రాస్తాంటిమి. గోడ పడకముందే పోండి. కర్నూలుకు నేను బుధవారం వస్తాండా, కావల్లంటే నేనూ వస్తా.

హంద్రీ_ఒడ్డు

రండి అన్నా. పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేసి ఆ గోడ బుధవారం దాకా ముట్టుకోవద్దని చెప్పినాను, సరేనన్నాడు.